లిస్టులో లేని హోరు

గుడివాడలో ఇంట్లో కూర్చుని నేను చేసే ఉద్యోగం, సినిమాల కింద ఇంగ్లీషు అక్షరాలు వేయడం. మాటలకే కాదు, మోతలకీ వేయాలి. చెవులు వినపడనివాళ్ల కోసమట. అందుకు మా హైదరాబాదు టీమ్ లీడరు ఓ లిస్టు పంపాడు. ఉరిమితే "డిస్టెంట్ రంబుల్". లారీ వెళ్తే "డీప్ రంబుల్". చూసేవాడికి భయం పుట్టాలంటే "ఆమినస్ రంబుల్". మబ్బయినా, బియ్యం మిల్లయినా, మనిషి గురకయినా ఆ మహానుభావుడికి రంబులే. ఒకే గరిటెతో పులుసూ పాయసమూ వడ్డించే రకం. చెవి వినపడని మనిషిని జన్మలో ఒక్కరినైనా చూశాడా అని నా అనుమానం.

ఆమధ్య దివిసీమ ఉప్పెన మీద తీసిన డాక్యుమెంటరీ నా వంతుకొచ్చింది. తెరిచి చూస్తే అందులో నాగాయలంకలో ఉండే మా పెద్దమ్మ! పెదనాన్న ఆ ఉప్పెనలోనే పోయాడు. ఆ రోజు సంగతి ఆవిడ మా అమ్మతో కూడా ఎప్పుడూ ఎత్తలేదు. సినిమా తీసినవాళ్లు మర్యాదగా చెవి దగ్గరకు వంగి, "సముద్రం ఎలా వచ్చిందండీ?" అని అడిగారు. పెద్దమ్మ కళ్లు మూసుకుని, కడుపులోంచి "హో..." అని సాగదీస్తూ ఆ మోతే చేసి చూపించింది. నాకు ఏడుపొచ్చింది.

మీదకొస్తున్న సముద్రపు హోరును గొంతుతో వినిపిస్తోందని కింద ఇంగ్లీషులో రాశాను. టీమ్ లీడరు అది కొట్టేసి, "ఎల్డర్లీ ఉమన్ మేక్స్ డీప్ రంబ్లింగ్ సౌండ్" అని పెట్టాడు. ఫోన్ చేశాను.

"సర్, ఆవిడ చేసింది సముద్రం మోతండీ."

"స్క్రీన్ మీద సముద్రం లేదు కదండీ, ముసలావిడే ఉంది. లిస్టులో ఉన్నదే వాడండి."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. పాపం, చెవిటివాళ్లను ఊరికే ఆడిపోసుకుంటున్నాం.

సినిమా బయటికొచ్చాక ల్యాప్‌టాప్ పట్టుకుని నాగాయలంక వెళ్లాను. పెద్దమ్మకిప్పుడు చెవిలో అరిస్తే తప్ప వినపడదు. తెర మీద తన నోరు కదలడం చూసింది. తన గొంతు తనకే వినపడక, కింద అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఏం రాశార్రా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "ముసలావిడ గొంతులోంచి గురగురమని చప్పుడు, అని" అంటూ చెవిలో గట్టిగా చెప్పాను.

"అయితే చూసినవాళ్లు నాకు కఫం పట్టిందనుకుంటారేమోరా?"

"అది కాదు పెద్దమ్మా, రాసినవాడికి తెలీక..."

"పోన్లే" అంటూ ల్యాప్‌టాప్ తనే మూసేసింది. "ఇంక ఎవరడిగినా చెప్పనులే."