యాడికని అడగొద్దన్నాను

మొన్న నేను ఆళ్లగడ్డకు బండరాళ్ల మీద కూచుని పోయాను. కారు లేక కాదప్పా, మాకు రెండు కార్లున్నాయి. రెండూ నన్ను వదిలేసి పోయాయి. పోనీ ఎవరినైనా తిడదామా అంటే, తిట్టాల్సిన మనిషి ఒక్కడే తేలాడు. చెప్తాను, టీ చల్లారనీయకండి.

నేను నంద్యాలలో విత్తనాల కంపెనీ ఆఫీసులో పనిచేస్తానని మీకు తెలుసు కదా. ఈమధ్యే టీం లీడర్‌ని చేశారు, అదీ ట్రయల్ మీద. కన్ఫర్మ్ చేయాలా వద్దా అన్నది మా పెద్ద మేనేజర్ హైదరాబాదు నుంచి వచ్చి, నా పనితనం చూసి తేలుస్తానన్నారు. ఏం చూస్తారంటే, ఆళ్లగడ్డలో డీలర్లను, మా స్టాఫ్‌ను కూచోబెట్టి నేనొక క్లాసు చెప్పాలి. టీంగా కలిసి పనిచేయడం ఎట్లా, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఎట్లా. కష్టపడి స్లైడ్లు చేశాను. మొదటి స్లైడ్ మీద పెద్దక్షరాలతో ఒకే లైను పెట్టాను: 'అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.' ఆ లైను నాకు తెగ నచ్చింది. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

ఆ పొద్దున ఆఫీసు ముందు రెండు కార్లు రెడీ. ముందుది మా సేల్స్ శేఖర్ నడుపుతాడు. వెనకది గోడౌన్ చూసే సుభాన్ నడుపుతాడు, అందులో అకౌంట్స్ లలితమ్మ, ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్. నేను బ్యాగు తీసుకుని మెట్లు దిగుతుంటే శేఖర్ ఎదురొచ్చాడు.

"యాడికి సార్, ముందు కారా, ఎనక కారా?"

నేను మెట్టు మీదే ఆగిపోయాను. మాది అంగడి కుటుంబం. బయల్దేరే మనిషిని యాడికి అని అడిగితే మా అమ్మ ఆ ప్రయాణమే మాన్పిస్తుంది. ఎందాకా అనాలి, లేదా నోరు మూసుకోవాలి.

"ఏందప్పా శేఖర్, మంచి పనికి పోతాంటే యాడికి అంటావా? ఇంగ అయినట్టే పని."

"కాదు సార్, ఏ కార్లో కూచుంటారో అని..."

"ఏదైనా గానీ. ఈ పొద్దు సాయంత్రం దాకా నన్ను ఎవురూ యాడికి అని అడగాకండి. అందరికీ చెప్తాండా."

అందరూ తలూపారు. నేను లోపలికి పోయి, కుర్చీలో కాసేపు కూచుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాను. అపశకునం పోవాలంటే అదే కదా పద్ధతి. మనుషులు ఒకరినొకరు అడగాలని చెప్పడానికి పోతూ, అందరి నోళ్లూ మూయించి ముందు కారెక్కానన్న మాట.

శిరివెళ్ల దాటాక టీ కోసం ఆగాం. తాగుతుంటే స్లైడ్లు ఇంకోసారి చూసుకోవాలనిపించింది. ల్యాప్‌టాప్ వెనక కారులో ఉంది కాబట్టి ఇక్కడి నుంచి అందులో పోదామనుకున్నాను. అనుకున్నాను, అంతే. ఎవరికీ చెప్పలేదు. ముందు కారులోంచి బ్యాగు తీసుకున్నాను. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటే ఉండనీలే అని వదిలేశాను. శేఖర్ స్టీరింగ్ ముందు కూచుని నన్నే చూస్తున్నాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. చెప్పిన మాట వింటున్నాడని మనసులో మెచ్చుకున్నాను కూడా.

కారెక్కే ముందు ఒకటికి పోయొద్దామని, బ్యాగు భుజానేసుకుని టీ అంగడి వెనక్కి పోయాను. తిరిగొచ్చేసరికి రెండు కార్లూ లేవు. నేను తాగిన గ్లాసు మాత్రం బల్ల మీద ఉంది.

మొదట నవ్వొచ్చింది. డీజిల్ కొట్టించుకోవడానికి పోయుంటారులే అనుకున్నాను. కాసేపటికి ఆ నవ్వు పోయింది. బ్యాగు తీసుకున్నాను కాబట్టి వెనక కారెక్కానని శేఖర్ అనుకునుంటాడు. ముందు కారులో వచ్చినవాడు అందులోనే పోతాడని వెనకవాళ్లు అనుకునుంటారు. ఆళ్లగడ్డలో పెద్ద మేనేజర్ వాచీ చూసుకుంటుంటారు. నా పోస్టు, నా స్లైడ్లు, నా మర్యాద అన్నీ కారెక్కి పోయాయి, నేను తప్ప. నిజం చెప్పాలంటే ఏడుపొక్కటే తక్కువ.

టీ అంగడామె జాలిపడి ఫోన్ ఇచ్చింది. ఈ రోజుల్లో నంబర్లు ఎవరికి గుర్తుంటాయి? నాకు నా నంబరొకటే నోటికొచ్చు. దానికే చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను.

"ఎవురికి చేస్తాండావన్నా?" అంది ఆమె.

"నాకే."

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, ఫోన్ వెనక్కి తీసుకుంది.

రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తి నిలబడ్డాను. బస్సు ఆగలేదు, ఆటోలు నిండిపోయి పోతున్నాయి. చివరికి విగ్రహాలు చెక్కేవాళ్లకు నల్లరాళ్లు తోలుకుపోయే మినీ లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టాడు.

"యాడికన్నా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట అంత తియ్యగా నేనెప్పుడూ వినలేదు. ముందర సీటు ఖాళీ లేదు, వెనక ఎక్కమన్నాడు. ఇస్త్రీ ప్యాంటుతో రాళ్ల మీద కూచున్నాను. ఆళ్లగడ్డలో దిగేసరికి తలనుంచి బూట్లదాకా రాతిదుమ్ము. విగ్రహాల అంగడి ముందు కాసేపు కదలకుండా నిలబడి ఉంటే ఎవరో ఒకరు నన్ను బేరమాడేవాళ్లే.

ఫంక్షన్ హాలు గేటు దగ్గరే శేఖర్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, మీరు యా..." అని నాలుక్కరుచుకున్నాడు.

"అడుగప్పా, ఇప్పుడడుగు. ఫోన్ మోగుతాంటే ఎందుకెత్తలేదు?"

"మీ ఫోను నేనెట్ల ఎత్తేది సార్? ఎత్తినా, సార్ యాడుండాడు అంటే ఏం చెప్పేది?"

వెనకే లలితమ్మ వచ్చింది. "మీరు అంగడి ఎనక్కి పోయేది నేను చూసినా సార్. యాడికని అడుగుదామనే అనుకున్నా. ముందు కారు కదిల్తే ఎక్కేసినారులే అనుకుంటి."

"అడగాల్సింది కదమ్మా!"

"మీరే కదా వద్దంటిరి."

తల దించుకుని లోపలికి పోయాను. హాలు నిండా డీలర్లు. ముందు వరసలో పెద్ద మేనేజర్. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఏమయ్యా, ఏమిటీ వాలకం?"

టైరు పంచరైంది సార్ అందామని నోరు తెరిచాను. ఎదురుగా తెర మీద నా మొదటి స్లైడ్ వెలుగుతోంది. 'అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.' దాని ముందు నిలబడి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మైకు తీసుకుని ఆఫీసు మెట్ల దగ్గర నుంచి రాళ్ల లారీ దాకా ఉన్నదున్నట్టు చెప్పేశాను. హాలంతా పడీపడీ నవ్వింది. ఒక పెద్దవయసు డీలరైతే కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, మీ ఆఫీసులో మాట అడగాలన్నా పంచాంగం చూడాల్నా?"

రెండో స్లైడ్ దాకా పోనేలేదు. కానీ అప్పటి నుంచి డీలర్లు అడగడం మొదలుపెట్టారు. సరుకు ఎందుకు ఆలస్యమవుతోంది, ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారు, అన్నీ అడిగారు. భోజనాలయ్యాక పెద్ద మేనేజర్ నన్ను పక్కకు పిలిచారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"పోస్టు నీదేనయ్యా. కాకపోతే ఇకపై ప్రతి ఊళ్లోనూ ఈ కథే చెప్పాలి. ఆ మొదటి స్లైడ్ ఒక్కటి ఉంచుకో, మిగిలినవి అక్కర్లేదు."

సంతోషంతో కాళ్లు నేల మీద ఆనలేదు. సాయంత్రం తిరిగొస్తూ అదే అంగడి దగ్గర ఆగాం. టీ తాగి, బ్యాగు తీసుకుని లేచానో లేదో, శేఖర్, సుభాన్, లలితమ్మ ముగ్గురూ గ్లాసులు కింద పెట్టి నాకు అడ్డంగా నిలబడ్డారు.

"యాడికి సార్?"

అంగడామె గరిటె పట్టుకుని మరీ చూస్తోంది.

"ఒకటికప్పా, ఒకటికి," అని అందరి ముందరా చెప్పుకున్నాను.

చెప్పి, మళ్లీ బల్ల మీద కూలబడ్డాను. అడిగేశారు కదా మరి. నేను పోయేది దేనికో మీకు తెలుసు. అయినా సరే, కాసేపు కూచుని, గ్లాసు నిండా మంచినీళ్లు తాగి, అప్పుడు లేచాను.