స్క్రూడ్రైవర్‌తో తీసిన పప్పు

ఆ రోజుల్లో మా లెక్కల సారుకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను, ఆయన నన్ను కొట్టడం మానేశాడు. ఇద్దరం సుఖపడ్డాం. అలా చదువు నుంచి తప్పించుకున్నవాడికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో పని దొరికింది. కొన్నేళ్లకు, చదువంటే ప్రాణం పెట్టే పెళ్లాం దొరికింది. (పైవాడికి నాకంటే హాస్యం ఎక్కువ.)

ఎల్.బి. నగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మా ఆవిడ సర్కారు కొలువు పరీక్షకు తయారవుతుండేది. పగలంతా కోచింగ్, చదువుకోవడానికి మిగిలేది సాయంత్రాలే. అవి కూడా పొయ్యి దగ్గర కరిగిపోతుంటే చూడలేక, పరీక్ష అయ్యేదాకా నువ్వు వంటగదిలో అడుగు పెట్టక్కర్లేదని మాటిచ్చేశాను. ఇచ్చాక గుర్తొచ్చింది, ఎండాకాలంలో ఊళ్లో ఫ్రిజ్‌లన్నీ నా కోసమే చెడిపోతాయని, నేను ఇల్లు చేరేసరికి వంట చేసే ఓపిక ఉండదని. ఉపాయం నాగోల్‌లో రిపేరుకు పోయిన ఒకింట్లో దొరికింది. ఆ భార్యాభర్తలు ఆదివారమే వారానికి సరిపడా కూరలు వండి, డబ్బాల్లో పెట్టి గడ్డకట్టించుకునేవాళ్లు. రోజూ ఒకటి తీసి వేడిచేసుకోవడమే. ఇంత తేలికా అనుకున్నాను.

ఆ వచ్చిన ఆదివారమే మొదలుపెట్టాను. పప్పు, చికెన్, టమాట కూర, సగం కాల్చిన చపాతీలు. మాది ఒంటి తలుపు ఫ్రిజ్, దాని ఫ్రీజర్ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగంత. అన్నీ ఒకే రకం స్టీలు డబ్బాలు కావడంతో ఏ డబ్బాలో ఏముందో వేడిచేశాకే తెలిసేది. చికెన్ అనుకుని ఉల్లిగడ్డలు కోసి కూర్చుంటే పప్పు వచ్చేది. మా ఆవిడ దానికి లాటరీ అని పేరు పెట్టి, ఏం తగిలినా తినేది. పైఅంతస్తులో ఉండే ఓనరాంటీ మాత్రం (గుంటూరు వైపు మనిషి, నాలుకకు మొహమాటం తెలీదు) గడ్డకట్టినంత మాత్రాన నిన్నటి కూర ఇవాళ్టిదైపోతుందా అని మెట్ల మీదే అడిగేసింది.

పరీక్ష వారంలోకి వచ్చింది. ఆ సాయంత్రం ఫ్రీజర్ తెరిస్తే డబ్బాలన్నీ మంచులో కూరుకుపోయి ఉన్నాయి. అడుగు తుడవకుండా తడి డబ్బాలు పెట్టినవాణ్ని నేనే. ఇలాంటప్పుడు ఫ్రిజ్ ఆపేసి, మంచు దానంతటది కరిగేదాకా ఆగాలి. కత్తి పెట్టారో ఫ్రీజర్ గోడలోనే ఉండే, చల్లబరిచే గ్యాస్ పైపుకు చిల్లు పడుతుంది, ఆ తర్వాత అది ఫ్రిజ్ కాదు, బీరువా. ఈ ముక్క నేను ఊరందరికీ చెప్పేవాణ్ని. అందుకే కత్తి ముట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ పెట్టాను.

సుయ్‌మంది.

"ఏంది గా సప్పుడు?" అని లోపలి గదిలోంచి మా ఆవిడ.

"కుక్కర్."

"పొయ్యి మీద కుక్కరే లేదు గదా."

వచ్చి చూసింది. చేతిలో పుస్తకం మూసి, కొంగు దోపి, పొయ్యి వైపు నడిచింది. ఆ పుస్తకం మూసిన చప్పుడు గ్యాస్ పోయిన చప్పుడు కంటే గట్టిగా వినిపించింది నాకు. వెళ్లి వంటగది గుమ్మానికి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాను. ఇంకో గంటలో అన్నీ కరుగుతాయి, ఎవరి ఫ్రిజ్‌లో పెడతావని అడిగింది. నువ్వు పోయి చదువుకో, అది నా తిప్పలని మంచులోంచి ఊడబీకిన డబ్బాలు ఎత్తుకుని పైకి పోయాను.

ఓనరాంటీ తలుపు తీసి, డబ్బాలనూ నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఫ్రిజ్ మెకానిక్కువి, నువ్వు మా ఇంటికొచ్చి ఫ్రిజ్ అడుగుతున్నావా బాబూ?" అంది. అంటూనే తన ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసింది. నీసు మాత్రం పెట్టనంది. అలా చికెనంతా మర్నాడు షాపు పాలైంది. ఎవరిదో అన్నట్టు సంగతి చెబితే, తింటూ మా షాపు సేటు, స్క్రూడ్రైవర్ పెట్టిన ఆ తెలివైన కస్టమర్ ఎవడు, అడ్రస్ చెప్పు, మనిషిని పంపిస్తానన్నాడు. మా ఇంటి అడ్రసే చెప్పాను. ఆయనకు పొలమారింది.

పరీక్ష దాకా రోజూ సాయంత్రం పైకి పోయి డబ్బా తెచ్చుకునేవాణ్ని. ఆంటీ వట్టి చేతుల్తో పంపేది కాదు, మీద ఒక గిన్నె చారు పెట్టేది. మా ఆవిడ పొయ్యి ముట్టుకోకుండానే పరీక్ష రాసింది, కొలువూ కొట్టింది.

ఇప్పుడు మాది రెండు తలుపుల ఫ్రిజ్. ఆదివారం వంట ఇప్పటికీ నాదే, డబ్బాల అడుగులు తుడిచే పెడుతున్నాను. అప్పుడప్పుడు, ఆ గుమ్మంలో రెండు చేతులూ చాపి నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి పప్పులో ఉప్పెంతో కూడా సరిగ్గా తెలీదు గానీ, వాడి మీద నాకెందుకో ముచ్చట. మొన్న మా ఆవిడ ఆఫీసువాళ్లు భోజనానికి వస్తే ఆ ముచ్చట ఆపుకోలేక, మీ మేడం కొలువులో సగం నా వంటదేనని గొప్పగా చెప్పుకున్నాను.

వడ్డిస్తున్న మా ఆవిడ తలెత్తకుండానే అంది: "సగం గాదు, మొత్తం నీ వంటదే. ఫెయిలైతే ఇంకో ఏడాది గదే తినాలె గదా అని, గా భయంతోనే సదివిన."