‘అలాగేనండీ’ అనకూడని తీగ

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి తీగకు టంకం పెడుతుంటే వేడి రబ్బరు వాసన వచ్చింది. “రెండూ ఒకేసారి మాట్లాడితే ఎలాగమ్మా?” అన్నాను. “రెండూ ఆగిపోతాయండి. ఒక్కోటి ఒక్కోలా కాసేపాగి మళ్లీ మొదలెడతాయి” అంది. ఇది మా పాత సూపర్‌వైజరు రత్నంగారు డెబ్బైల్లోనే కనిపెట్టారంటే నవ్వింది. కాలవలో వాలుగచేప ఫోనెత్తిందని కోతలు కోసిన నోరు నాది, నమ్మకపోతే ఆమె తప్పేం లేదు.

అప్పట్లో నేను కంకిపాడు వైపు కాలవ లాకు దగ్గర షట్టర్లు ఎత్తి దించే లస్కరును. పామర్రు దాకా లాకులన్నిటికీ ఒకటే టెలిఫోను తీగ. ఇద్దరు ఒకేసారి ఎత్తితే “మీరు చెప్పండి”, “అబ్బే, ముందు మీరు” అనుకుంటూ ఉండేవాళ్లం. నీళ్లు మాత్రం ఎవరికోసమూ ఆగేవి కావు. ఒక వానరోజు పామర్రు వైపు లాకు చూసే సుబ్బారావుగారు ఫోను చేసి, గట్టు జారుతోంది, షట్టరు దించమన్నారు. ఎన్నడుగులో గరగరలో కలిసిపోయింది. “అలాగేనండీ” అనేసి, ఒక్క అడుగే దించాను. ఆయన చెప్పింది రెండు. మధ్యాహ్నానికి గట్టు తెగి, వెంకమ్మ అనే కౌలురైతు నారుమడి మునిగిపోయింది.

మా సూపర్‌వైజరు జాన్ రత్నంగారు తడుస్తూ సైకిల్ మీద వచ్చారు. “వినబడిందా?”

“లేదండి.”

“మరి అలాగేనని ఎందుకన్నావోయ్?”

“పెద్దాయన్ని రెండోసారి అడిగితే బాగోదనండి.”

తిడతారనుకున్నాను. ఆయన కళ్లు మెరిశాయి. వారం రోజులు ఫోను చెవికి ఆనించుకుని, మా మాటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు. “మనకి మర్యాద ఎక్కువైందిరా. ఈ తీగలో అది పట్టదు” అని తేల్చారు. మాటలు ఢీకొంటే ఇద్దరూ పెట్టేయాలి. నేను మూడు లెక్కపెట్టి ఎత్తాలి, సుబ్బారావుగారు పది. “ఇద్దరం ఐదు పెట్టుకోవచ్చుగదండీ” అన్నాను. “అప్పుడు ఇద్దరూ ఒకేసారి ఎత్తి మళ్లీ కొమ్ములు తగులుతాయి” అన్నారు. విన్నవాడు అంకె తిరిగి చెప్పాలి. అవతలివాడు అవునన్నాకే షట్టరు ముట్టుకోవాలి. ‘అలాగేనండీ’ నిషేధం.

తరువాతి వానకి మళ్లీ గరగర. “ఒకటిన్నరాండీ?” అన్నాను, సిగ్గు చంపుకుని. “రెండున్నర.” “రెండున్నర.” “అవును.” వెంకమ్మ మళ్లీ పోసుకున్న నారు ఆ సాయంత్రం పచ్చగా నిలబడే ఉంది.

రిటైరైన రోజు రత్నంగారు ఆ తీగ మీదే, “ఆ గట్టుని ఓ కంట కనిపెట్టుకుని ఉండు” అన్నారు. పాత అలవాటుగా “అలాగేనండీ” అనేశాను. ఆయన ఫోను పెట్టకుండా ఆగారు. “గట్టుని కనిపెట్టుకుని ఉంటానండి” అన్నాను. “అవును” అని అప్పుడు పెట్టేశారు.

నా మాటల్లో ఎన్ని కోతలైనా ఉండొచ్చు. ఎదుటివాళ్లు నాకు చెప్పిన మాటను మాత్రం, ఈనాటికీ, చెప్పింది చెప్పినట్టే వాళ్లకి తిరిగి అప్పజెబుతాను.