పదహారడుగుల లోతు

2005లో నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చెక్కపని వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసేవాణ్ణి. హోటళ్ళకు తలుపులు, కౌంటర్లు చేసే చోటు. ఆ ఎండాకాలం మాకొక కొత్తరకం పని వచ్చింది. దుబాయ్‌లో కడుతున్న ఒక హోటల్ లాబీలో పంతొమ్మిదో శతాబ్దపు సరుకు ఓడను, అసలు కొలతల్లో నాలుగో వంతుకి, తెరచాపలతో సహా నిలబెట్టాలి. ఆ ఓడకు బొమ్మలు గానీ ప్లానులు గానీ మిగల్లేదు. మిగిలినవల్లా దాన్ని అప్పట్లో తనిఖీ చేసిన సర్వేయర్ల రిపోర్టులు. వంకర ఇంగ్లీషు చేతిరాతతో ముప్పై దాకా జిరాక్సు కాగితాలు.

మొదటి పేజీలోనే పొడవు, వెడల్పు, లోతు గళ్ళలో రాసి ఉన్నాయి. లోతు పదహారడుగులు. అది చాలనుకుని మిగతా కాగితాలు పక్కన పెట్టి డ్రాయింగ్ గీసేశాను. ఆ రాత చదివే ఓపిక నాకు లేదు. మా ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, ఆగే ఓపిక అంతకన్నా లేదు.

ఓడ పక్కటెముకలు కోసింది తాళ్ళరేవు నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రీ. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. వాళ్ళ నాన్న పడవలు కట్టేవాడట. నలభై నాలుగు ఎముకలూ కోసి గోడకు చేరేశాక, ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూసి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ కాగితాల్లో మా ఊరి పక్క కోరంగి పేరుందని ఆఫీసులో అంటన్నారండి. ఏం రాశారో కాస్త చదివి పెడతారా?"

నిజంగానే ఉంది. కోరంగిలో ఓడను మరమ్మతుకు ఒడ్డెక్కించి, పుచ్చిన పలకలు తీసేసి, అడుగున రాగిరేకులు మార్చారని ఒక సర్వే. ఒక్కో మాటా కూడబలుక్కుని తెలుగులో చెబుతుంటే మేస్త్రీ ముఖం విప్పారింది. చివర ఒక వాక్యం ఉంది: నిండు సరుకుతో ఈ ఓడ పదిహేనడుగులు నీళ్ళలోకి దిగుతుంది.

మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. "ఓడ మొత్తం ఎత్తు ఎంతేశారండి మీరు?"

"పదహారు."

"అంటే నీళ్ళపైన ఒక్కడుగే ఉంటాదా? అలాగెళ్తే మొదటి అలకే మునిగిపోద్ది కదండీ!"

ముందు కోపం వచ్చింది. "సర్వేయర్ రాసిందే వేశాను మేస్త్రీ," అంటూ గళ్ళున్న పేజీ లాగాను. లోతు అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. సరుకు గది. పదహారడుగులు ఆ గది లోపలి లోతు. కిందున్న దూలాలూ పైనున్న డెక్కూ అందులో లేవు. వాటిని కలిపితే ఇంకో నాలుగడుగులు. మా కొలతలో అడుగు. నలభై నాలుగు ఎముకలూ అడుగు పొట్టి. మర్నాడు పొద్దున హోటల్ ఇంజనీర్ చూడ్డానికి వస్తున్నాడు.

ఇద్దరం గోడ దగ్గర టేపు పట్టి కొలుస్తుంటే ముదీర్ వచ్చాడు. అడుగు తక్కువన్న సంగతి విని, "యే కిస్నే కాటా?" అని అరిచాడు. ఎవరు కోశారని. మేస్త్రీ చెయ్యెత్తాడు. కోసింది తనే మరి.

"ఖలాస్! వీసా క్యాన్సిల్! సామాన్ బాంధో!" అంటే పని అయిపోయింది, సామాను సర్దుకోమని.

మేస్త్రీకి హిందీ అంతంత మాత్రం. వీసా, క్యాన్సిల్ మాత్రం అర్థమయ్యాయి. నా వైపు చూశాడు.

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. నా పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. నెల్లూరులో ఏడు నెలల నా కూతుర్ని నేనింకా చూడలేదు. వచ్చే నెలలో సెలవు. ముదీర్ ఆఫీసు వైపు నడిచాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు పిలిచి చెప్పాను.

"కోయడం తప్పు కాదు సార్. డ్రాయింగే తప్పు. గీసింది నేను."

ముదీర్ టేపు లాక్కుని నేలకేసి కొట్టాడు. ఎన్ని రోజులు కావాలని అడిగాడు. నాకు తెలియదు. మేస్త్రీ చెప్పాడు, నేను హిందీలోకి మార్చాను: ఎముకలు పారెయ్యక్కర్లేదు, ఒక్కోదాని కింది కొసకు అడుగు ముక్క అతికించి పలకలు కొడితే అతుకు కనబడదు, బలం తగ్గదు, పన్నెండు రోజులు చాలు. మర్నాడు ముదీర్ ఇంజనీర్‌కి అవే మాటలు చెప్పి గడువు తీసుకున్నాడు. మేస్త్రీ వీసా నిలిచింది. నా సెలవు పోయింది. ఆ పన్నెండు రోజులూ బల్ల వదిలి మేస్త్రీ కింద పని చెయ్యమన్నారు.

రెండో రోజు జిగురు పూస్తూ మేస్త్రీ అడిగాడు. "చెప్పారు, మంచిదే. అంతసేపెందుకు పట్టిందండి?"

"భయమేసింది మేస్త్రీ."

"నాకూ ఏసింది," అని మళ్ళీ బ్రష్షు ముంచాడు.

ఆ తర్వాత పనికి కావలసిన మాటలు తప్ప వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఓడను హోటల్లో నిలబెట్టడానికి మేస్త్రీతో పాటు ఆరుగుర్ని పంపారు. నన్ను పంపలేదు. సాయంత్రం వ్యాను దిగుతున్న మేస్త్రీకి ఎదురెళ్ళి ఎలా ఉందని అడిగాను.

"బావుందండి. లాబీలోకొచ్చినోళ్ళంతా ఆగి చూత్తన్నారు," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "టీ తాగుదాం రండి," అంటూ గేటు బయటికి నడిపించాడు.