ట్యాంకు మంచిగనే ఉందన్న మాట

నైజాం మీదికి యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు నేను జనగామలో ఒక రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో లారీలు బాగుచేసేవాణ్ణి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పట్నంలో మూడేళ్లు పని నేర్చుకుని వచ్చాను కాబట్టి డీజిల్ ఇంజను తెలిసినవాడు ఊళ్లో నేనొక్కణ్ణే అని పేరుండేది. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. తెలియదు అనే మాట నా నోట వచ్చేది కాదు.

మిల్లు సేటుకు ఒక పాత డీజిల్ లారీ ఉండేది. భూపాలపల్లి అడవి నుంచి కలప దుంగలు తెచ్చేది. దాన్ని నడిపే డ్రైవరు పెద్దవంగర దగ్గరి పల్లె మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఇంజను చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాడు లేచిపోయి బానెట్ ఎత్తేవాడు.

ఆ చలికాలం లారీకి రెండు రోగాలు పట్టుకున్నాయి. ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట ఆయిల్ కారుతోంది. నేను రెండుసార్లు ప్యాకింగ్ మార్చాను, రెండుసార్లూ మళ్లీ కారింది. రెండోది, అదే దారికి అదే బరువుకు డీజిల్ అర డబ్బా ఎక్కువ తాగుతోంది. ఒకరోజు డ్రైవరు చక్రం పక్కన గొంతుక్కూర్చుని అన్నాడు: "తమ్మీ, ఆయిల్ కారుతనే ఉన్నది. కని నేను కొత్తగ పోసి నెల దాటింది. కొలత కడ్డీ తీసి చూస్తే తగ్గుతలేదు. గిదెట్ల?"

లారీ ఏటవాలులో నిలబెడితే కడ్డీ అట్లాగే చూపిస్తుందని కొట్టిపారేశాను. ఆయన కడ్డీ తుడిచి మళ్లీ దాని తావులో పెట్టేశాడు.

డీజిల్ ఎటు పోతోందో తేల్చమని సేటు నాకు చెప్పాడు. నేను ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, అందరి ముందూ డబ్బాలతో కొలిచి నింపాను. కంపెనీవాళ్లు చెప్పినట్టు ఏడు డబ్బాలూ సరిగ్గా పట్టాయి. కింద పొడి బూడిద పరిచి ఒక రోజంతా ఉంచాను. బూడిద మీద ఒక్క చుక్క మరక లేదు. మర్నాడు సేటు వచ్చి ఏమంటవని అడిగితే, చేతులు తుడుచుకుంటూ అన్నాను: "ట్యాంకు మంచిగనే ఉంది సేటు. ఏడ గూడ కారుతలేదు. పోతే మనిషి చేతిలనే పోవాలె."

డ్రైవరు అక్కడే ఉన్నాడు. తను ముట్టలేదని ఒకే ఒక్కసారి చెప్పాడు. మీ ఊరు కమ్యూనిస్టుల సంఘం ఊరే కదా అని ఎవరో అన్నారు. లారీ పోయేది అడవికే కదా, అక్కడ దాక్కున్న దళంవాళ్లకు కాగడాలకు డీజిల్ కావద్దా అని ఇంకెవరో అన్నారు. నేను పానాలు పెట్టెలో సర్దుకున్నాను. మూడో రోజున మిలిటరీవాళ్లు ఆయనను దారిలోనే లారీ దింపి మానుకోట దగ్గరి తమ క్యాంపుకు తీసుకుపోయారు. వాళ్లకు చెప్పిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. మాట మాత్రం నాదే.

ఆయన భార్య షెడ్డుకు వచ్చింది. "ట్యాంకు చూసింది నువ్వేనట గద తమ్మీ. మా ఆయిన గసొంటి పని జేస్తడా?" అని అడిగింది. నేను ట్యాంకు మటుకే చూశాననీ, మనుషుల సంగతి నాకు తెలియదనీ చెప్పాను. ఆమె కాసేపు గుమ్మం దగ్గర కూర్చుని వెళ్లిపోయింది.

కొత్త డ్రైవరు లారీని ఒకసారి అడవికి తీసుకుపోయి వచ్చాడు. మళ్లీ అర డబ్బా తక్కువ. దొంగ అనుకున్నవాడు క్యాంపులో ఉండగా డీజిల్ ఎట్లా పోయింది? నేను లారీ కిందికి దూరి ఇంజను అడుగు నట్టు విప్పాను. చిక్కగా జారాల్సిన ఆయిల్ నీళ్లలా దూకింది. వాసన చూస్తే డీజిల్. దారిపొడుగునా కారి వచ్చినా, మేము పోసినదానికంటే ఎక్కువే ఉంది. ట్యాంకు నుంచి ఇంజనుకు డీజిల్ లాగే ఫీడు పంపు విప్పి చూశాను. లోపలి పొర గోరంత చినిగి ఉంది. అక్కడి నుంచి డీజిల్ ఇంజనులోకి దిగి, ఆయిల్‌ను పలచన చేసి, ప్యాకింగ్‌లోంచి బయటికి తోస్తోంది. రెండు రోగాలు కావు, ఒకటే. ఆయన చక్రం పక్కన కూర్చుని నాకు చెప్పిందీ అదే.

సేటుకు చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, "పంపు బాగుచెయ్యి. గా క్యాంపుకు పోయి వాని తరఫున మాట్లాడితే నిన్ను గూడ కూసోబెడ్తరు" అన్నాడు. నేను పంపు బాగుచేశాను. నాలుగు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. భయమే, వేరే కారణం లేదు.

అయిదో రోజున ఆ ఆయిల్ ఒక సీసాలో పోసుకుని, చినిగిన పొర కాగితంలో చుట్టుకుని, ప్యాసింజర్ బండెక్కి మానుకోటలో దిగాను. క్యాంపులో నాకొచ్చిన ఉర్దూలో అంతా వివరించాను. ఆఫీసరు సీసా వాసన చూసి పక్కన పెట్టాడు. నువ్వు వానికేమవుతావని అడిగాడు. ఏమీ కానన్నాను. మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టి, జవాబు చెప్పకుండానే పంపేశారు.

తర్వాత తొమ్మిది రోజులకు ఆయనను వదిలారు. నా సీసా వల్లనో కాదో తెలియదు. క్యాంపులో తిన్న దెబ్బలకు ఆయన కుడి భుజం పైకి లేచేది కాదు. ఆ లారీ స్టీరింగు రెండు చేతుల బలముంటే తప్ప తిరగదు. సేటు మళ్లీ పిలవనూ లేదు.

నేను వాళ్ల పల్లెకు వెళ్లాను. ఆయన గడప ముందు మంచం మీద ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను, ఆ నాలుగు రోజుల సంగతి కూడా. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత, "పొర ఏ తావుల చినిగింది?" అని అడిగాడు. నేను మట్టి మీద పుల్లతో పంపు గీసి చూపించాను. చాలాసేపు దానికేసే చూశాడు. లారీ ఇప్పుడు ఎత్తు మీద మంచిగ గుంజుతోందా అని అడిగాడు. గుంజుతోందన్నాను.

ఆయన భార్య నా ముందు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తినకుండా లేవలేక తిన్నాను. క్షమించమని అడగలేదు, అడిగితే పోనియ్ తమ్మీ అంటాడని తెలుసు.

ఆ తర్వాత చాలాసార్లు వాళ్లింటికి వెళ్లాను. నాగలి కర్రుకో, బండి ఇరుసుకో ఏదో పని కల్పించుకుని చేసి వచ్చేవాణ్ణి. ఒక్కటి మాత్రం ఆయన బతికినన్నాళ్లూ అడగలేకపోయాను. ఆ భుజం పోయింది నాకు నిజం తెలియక ముందా, తెలిసి నేను ఊరుకున్న ఆ నాలుగు రోజుల్లోనా అని.