వరంగల్ కాలేజీలో నా విశ్వవిద్యాలయం గురించి నేనే చెప్పిన రోజు

కెనడాలో రెండేళ్ళు రసాయనశాస్త్రం చదివి ఇంటికొచ్చిన ఏడాది, అంటే అరవైల నడుమ, ఆ విశ్వవిద్యాలయం నుంచి నాకో ఉత్తరం వచ్చింది. మీ ప్రాంతపు విద్యార్థులకు మా గురించి చెప్పగలరా అని అడిగారు. వరంగల్‌లో ఒక కాలేజీకి రాస్తే తప్పక రమ్మన్నారు. కాలేజీ జవాబు కవరు మీద ‘శ్రీ ఆర్. జోసెఫ్’ అని ఉంది. ఆర్ అంటే రాహేలు, నేను. జోసెఫ్ మా నాయన. స్టేషన్ ఘన్‌పూర్ చర్చిలో ఉపదేశి.

“మొగోడనుకున్నరు బిడ్డా. కాదని ఉత్తరం రాస్తవా?” అన్నాడు నాయన.

“పోయినంక వాళ్ళే చూస్తరు” అన్నాను.

శనివారం పొద్దున ఏడింటికి, విశ్వవిద్యాలయం పంపిన కాగితాలూ నా ఫొటోల ఆల్బమూ పట్టుకుని మా ఊళ్ళో ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి టికెట్టు రూపాయి లోపే. కాజీపేటలో చాలాసేపు ఆగింది కాబట్టి వరంగల్ చేరేసరికి తొమ్మిదయింది. సభ పదకొండుకు. స్టేషన్ బయట ఇడ్లీ తిని, అర్ధరూపాయికి రిక్షా మాట్లాడుకున్నాను. తొక్కుతూనే రిక్షా ముసలాయన అడిగాడు:

“చదువు చెప్పనీకె పోతున్నవా అమ్మా?”

“చదువు యాడ దొరుకుతదో చెప్పనీకె.”

“ఆడపిల్లలకు గూడ చెప్పు మరి” అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

కాలేజీలో ప్రిన్సిపాల్ నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూశారు. విషయం అర్థమయ్యాక కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. ఆ తర్వాత మెల్లగా అన్నారు: “హాల్ నిండ మొగపిల్లలున్నరు మేడం. గొడవ చేస్తరు. ఆ ఫొటోలు, కాగితాలు ఇయ్యండ్రి. మా లెక్చరర్ చదివి వినిపిస్తడు. మీరు ముందు వరసల కూసోండ్రి.”

నా చేతిలోని ఆల్బమ్ నేను ఇవ్వలేదు. “ఆ మంచుల నడిచింది నేను. చెప్పేది గూడ నేనే” అని లేచి నేరుగా హాల్లోకి నడిచాను. వేదిక మెట్ల దగ్గర ప్రిన్సిపాల్ నాకు అడ్డం వచ్చారు. అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. హనుమకొండలో బట్టల దుకాణం నడిపే రాజమౌళి గారని తర్వాత తెలిసింది. ఆయన కూతురు విమల ఆ కాలేజీలోనే బీఎస్సీ చదువుతోంది.

“సార్, జర ఆగుండ్రి. దుకాణం బంద్ పెట్టుకొని వచ్చిన. పోయొచ్చినామెనే చెప్పనియ్యండ్రి” అన్నాడాయన.

ప్రిన్సిపాల్ పక్కకు జరిగారు.

నేను చెప్పాను. మన ఊరికి రైలు పట్టాలు పడకముందే కట్టిన రాతి భవనాలు. రాత్రి పది దాకా తెరిచి ఉండే లైబ్రరీ. మొదట్లో అక్కడా ఆడవాళ్ళను రానివ్వలేదని, అడిగి, పోట్లాడి చేరారని చెప్పాను. నా ముఖం చూసి గది ఖాళీ లేదన్న రెండిళ్ళ సంగతీ దాచలేదు. మూడో ఇంటి తలుపు కొట్టానని, ఆ ఇంట్లోనే రెండేళ్ళున్నానని చెప్పాను.

“మరి వంటెవరు చేసిండ్రు మేడం?” అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. హాలంతా నవ్వు.

“నాది నేనే వండుకున్న. మా క్లాసు మొగపిల్లలు గూడ ఎవరిది వాళ్ళే వండుకున్నరు. నువ్వు పోవాల్నంటే ముందుగాల అన్నం వండుడు నేర్సుకో.”

ఈసారి నవ్వు వాడి మీదికి మళ్ళింది. ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలు ఆగలేదు.

సభ అయ్యాక విమల తండ్రితో వచ్చింది. “ఒక్కతి ఉండగలదా అమ్మా?” అన్నాడు రాజమౌళి గారు.

“నేనున్న కదా.”

“నలుగురు నాలుగు మాటలంటరు.”

“అననియ్యి నాయినా. నేను చదువుకుంట” అంది విమల. ఆయన నా చేతికి కలమిచ్చి విశ్వవిద్యాలయం అడ్రసు రాయమన్నాడు.

మొదటి ఏడాది మార్కుల కాగితాలు ఓడలో ఆలస్యంగా చేరి విమలకు అక్కడ సీటు రాలేదు. మళ్ళీ అర్జీ పెట్టింది. రెండో ఏడాది వచ్చింది.

సభ రోజు మధ్యాహ్నం రైల్లో తిరిగొస్తుంటే నాకు గెలిచినట్టేమీ అనిపించలేదు, కోపమే మిగిలింది. నేను చూసిన చోటు గురించి నేను చెప్పడానికి ఇంకొకరి ఒప్పుదల ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ కోపాన్ని పోనివ్వలేదు. ఆ ఏడాదే మరో మూడు కాలేజీలకు వెళ్ళాను, ఎక్కడా అడిగి వేదిక ఎక్కలేదు. మీరూ అలాంటి దూరపు చదువుకు సిద్ధమవుతుంటే ఒక్క మాట: మార్కుల కాగితాలు ఓడ టపాలో పంపకండి, నెలలు పడుతుంది, విమాన టపాలోనే పంపండి.