నేను మూసిన ప్రశ్న

ప్రోగ్రామర్లు ఒకళ్లనొకళ్లు సందేహాలు అడుక్కునే వెబ్‌సైట్ ఒకటుంది. మంచి జవాబులు రాస్తే పాయింట్లిస్తారు. పాయింట్లు పెరిగేకొద్దీ పెత్తనం. కొత్తవాళ్ల ప్రశ్న నచ్చకపోతే మూసెయ్యమని ఓటెయ్యొచ్చు. మూడు ఓట్లు పడితే ఇక దానికి ఎవరూ జవాబు రాయలేరు. పదేళ్లు కష్టపడి నేనూ ఆ పెద్దరికం సంపాదించాను. గుడివాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి రోజూ బందరు నుంచి వెళ్తూ, బస్సులో సీటు దొరికితే చాలు, ఫోన్ తీసి ప్రశ్నలు టకటకా మూసేసేవాణ్ణి. గుడ్లవల్లేరు వచ్చేలోపు పది. అదో సరదా, ఏం చెప్పను.

నా దగ్గర నేర్చుకునేవాళ్లలో నాగాయలంక నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. నలభై దాటాయి. గుడివాడలో చెల్లెలింట్లో ఉండి వచ్చేది. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్లో చూపించే ప్రోగ్రాం రాస్తోంది. శనివారం ఇంటర్వ్యూ. అది పనిచేస్తే తన మొదటి ఉద్యోగం. గురువారం ఒకచోట ఆగిపోయింది. నాలుగు చెరువులకీ ఒకే అంకె వస్తోంది. నాకేమో క్లాసుల హడావుడి.

“ఆ సైట్‌లో అడగండమ్మా, మహామహులుంటారక్కడ,” అన్నాను. అందులో నేనూ ఒకణ్ణని చెప్పలేదు.

సోమవారం వచ్చింది. ఇంటర్వ్యూకి వెళ్లలేదట. “నాకీ చదువు అచ్చిరాదండీ. అడగడమే రాలేదు,” అని ఫోన్ చేతికిచ్చింది.

ఆ ఇంగ్లీషు నేను చదివిందే. గౌరవనీయులైన సార్లకు నమస్కారాలు, మాది చిన్న ఊరు, తప్పుంటే క్షమించండి... పెద్దవాళ్లని మనం అడిగే పద్ధతే అది. పైన ఆవిడ పేరు లేదు, ఏదో మారుపేరుంది. శుక్రవారం బస్సులో రెండు లైన్లు చూసి, సోది అని విసుక్కుని, స్పష్టత లేదంటూ ఓటేసేశాను. అసలు సమస్య నాలుగో లైన్లో శుభ్రంగా రాసే ఉంది. ప్రశ్న కింద, మూసినవాళ్లలో మొదటి మారుపేరు నాదే.

అక్కడే నిలబడి, మళ్లీ తెరవమని ఓటేశాను. దానికీ ఇంకో ఇద్దరు కావాలి. మూసేటప్పుడు పరిగెత్తుకొచ్చినవాళ్లెవరూ రాలేదు. ఆవిడ ప్రోగ్రాం తెరిచి చూస్తే తప్పు ఒక్క లైనే, ఐదు నిమిషాల్లో సరిచేశాం. నాలుగు చెరువులకీ నాలుగు అంకెలొచ్చాయి. ఆవిడ వాటిని చూస్తూ కూర్చుంది. ఆ కంపెనీ మళ్లీ పిలవదు.

“మూసినవాళ్లలో ఆ మొదటి పేరు నాదేనమ్మా,” అన్నాను.

“నేనని తెలిస్తే మూసేవారు కాదు కదండీ,” అంది, నన్ను ఓదార్చడానికే.

“మూసేవాణ్ణి కాదు,” అన్నాను. అది నిజమైనందుకే సిగ్గుతో తల దించుకున్నాను. పదేళ్లలో నేను మూసిన మిగతావాళ్లెవరో నాకు తెలియదు.